ఐదో హామీ

"ఐదో హామీ తీసెయ్యండి," సెల్‌ఫోన్ జేబులో పెట్టుకుంటూ అన్నాడు రంగపతిరాజు.

ప్రెస్సు నడిపే నాగరత్నం కరపత్రం ప్రూఫు చూసింది. "రొయ్యల చెరువులు ఆపించి మంచినీళ్ల బావుల్ని కాపాడతానన్నదాండీ? పదేళ్లుగా మీరు పోరాడింది దానికే కదండీ!"

"అది తీస్తేనే టికెట్టంటున్నారండి పార్టీవాళ్లు. ముందు గెలవాలి కదా." ఎర్రపెన్ను లాక్కుని తనే కొట్టేశాడు. కుర్చీలో కూర్చోలేక అటూ ఇటూ తిరిగాడు. "కాసిని మంచినీళ్లివ్వండి."

గ్లాసెత్తి ఒక్క గుక్క నోట్లో పోసుకుని ఆగిపోయాడు. నోరంతా ఉప్పు.

"మా బావి నీళ్లేనండి," అంది నాగరత్నం. "పక్కన చెరువులు తవ్విన కాణ్ణించీ ఇవే తాగుతున్నాం."

మింగలేక, కక్కలేక నిలబడ్డాడు. ఫోన్ మళ్లీ మోగింది.

గుటుక్కున మింగేసి, "తీసేశానండి," అన్నాడు.