తిన్నని వేళ్లు

“దిగు బావా, దిగు! నీ కాళ్లు చెట్టును పట్టుకుంటలేవు!”

కింద నుంచి తోటి కల్లుగీత కార్మికుడు పర్వతాలు అరుస్తూనే ఉన్నాడు. గుర్వయ్య వినలేదు. నడుముకు మోకు బిగించి మూడోసారి తాటిచెట్టును కరుచుకున్నాడు. నిలువెత్తు కూడా ఎక్కకముందే పాదాలు జారాయి. రొమ్మంతా గీసుకుపోతుండగా సర్రున కిందికొచ్చి మొదట్లో కూలబడ్డాడు.

ముప్పై ఏళ్లుగా ఎక్కుతున్న చెట్టది. నాలుగు నెలల కిందటి దాకా ఆయన కాలివేళ్లు గద్ద గోళ్లలా లోపలికి వంగి ఉండేవి. చెట్టు మీద ఎంత పట్టో, నేల మీద అంత నరకం. వేళ్ల కణుపుల మీద ఆనెలు కాసి, చెప్పు తగిలితే ప్రాణం పోయేది. భార్య లీలమ్మే పోరి పోరి నల్లగొండ తీసుకుపోయి రెండు కాళ్లకూ ఆపరేషన్ చేయించింది.

“ఏదన్న జల్దీ చూస్కో బావా,” పర్వతాలు గొంతు తగ్గించాడు. “ఐతారం దాక నువ్వు గీయకపోతే నీ చెట్లు వేరేటోళ్లకు ఇస్తమని సంఘంల అనుకున్నరు.”

మరునాడు పొద్దున్నే గుర్వయ్య నల్లగొండ బస్సెక్కాడు.

దవాఖానలో డాక్టర్ గజాలా ఆయనను వరండా ఈ చివర నుంచి ఆ చివరకు నడిపించింది.

“నొప్పి ఉందా?”

“లేదమ్మా.”

“చెప్పులు?”

“కొత్తయి కొన్న. మంచిగనే ఉన్నయి. అంగడి దాక నడిచి పోయొస్తున్న.”

“మరింకేం కావాలె?” ఆమె నవ్వింది.

“వేళ్లు వంగుతలేవమ్మా. చెట్టెక్కుడు అయితలేదు.”

నవ్వు ఆగిపోయింది. “ఏం చెట్టు?”

“తాటిచెట్టు. కల్లుగీత నా పని.”

డాక్టరు గబగబా కాగితాలు తిరగేసింది. “గోదాము కాపలా అని ఉన్నది గదా ఇక్కడ! కీళ్లు తీసేసి ఎముకలు అతికిచ్చినం. అవి ఇంక వంగవు. వంగేటట్టు ఉంచే ఆపరేషన్ వేరే ఉన్నది. మళ్లీ వంకర పోతయేమోనన్న భయం ఉన్నా, మీకు అదే చేసేదాన్ని.”

“కాపలా అని ఎవరు చెప్పిన్రు?”

“మీ ఇంటామె. వేళ్లతోని పట్టుకునే పని ఏదన్న చేస్తడా అని రెండుసార్లు అడిగిన. చేయడు, కుర్చీల కూసుంటడు అన్నది.” ఆమె కాగితాలు మూసేసింది. “మిమ్మల్ని కూడా అడగాల్సింది.”

మర్రిగూడలో బస్సు దిగి గుర్వయ్య ఇంటికి విసవిసా నడిచాడు. ఆ నడక చూసి ఎదురొచ్చిన వాళ్లు మురిసిపోయారు. “ఆపరేషన్ మంచిగైనట్టుంది గుర్వన్నా!”

లీలమ్మ వాకిట్లో కందులు చెరుగుతోంది. ఆయన చేట లాగి విసిరికొట్టాడు.

“గొడ్డలి తీసుకొని నా కాళ్లు నరికినా ఇంతకంటె నయముండు గదనే! కాపలా పనని ఎందుకు చెప్పినవ్?”

లీలమ్మ బెదరలేదు. “తెలిసే చెప్పిన. మా నాయిన చెట్టు మీదికెళ్లి పడ్డడు. మా అన్న పడ్డడు. ఇద్దర్నీ చాపల చుట్టి తెచ్చిన్రు. మూడోది నేను చూడలేను.”

“నా పని తీసేసి నన్ను బతికిస్తవా?”

“బతికిస్త. పత్తి ఏరుత, కూలికి పోత. తిట్టు, కొట్టు, పడత.” ఆమె చెదిరిన కందులను దగ్గరికి ఊడ్చుకుంటూ అంది: “కొడుకును కనలేదని మీ అమ్మ బతికినన్ని దినాలు నన్ను సాధించింది. నేను లోపల్లోపల సంబరపడ్డ. ఒక్కతే ఆడపిల్ల. నువ్వు దిగితే ఈ ఇంట్ల చెట్టెక్కే మొగోడు ఇంక లేడు.”

గుర్వయ్య చెయ్యి లేచింది గానీ దెబ్బ పడలేదు. అరుగు మీద కూలబడి పాదాల వైపు చూసుకున్నాడు. పదివేళ్లూ తిన్నగా, ఎవరివో కాళ్లలా ఉన్నాయి. కండువా మొఖానికి అడ్డం పెట్టుకొని ఏడ్చాడు. లీలమ్మ వచ్చి పక్కన కూర్చుంది. ఆయన ఏడుస్తున్నా ఆమెకు మనసు నిమ్మళంగా ఉంది. పెళ్లైనప్పటి నుంచి ఇంత నిమ్మళం ఎరగదు.

తడక తోసుకొని కూతురు కరుణ లోపలికొచ్చింది. డిగ్రీ చదువుతూ సెలవులకు ఇంటికొచ్చిన పిల్ల. రెండు మోచేతులూ దోక్కుపోయి ఉన్నాయి.

లీలమ్మ లేచి నిలబడింది. “ఏమైందే? బండి మీదికెళ్లి పడ్డవా?”

“పడలేదమ్మా.” కరుణ మొఖం వెలిగిపోతోంది. “బాపూ, ఏడువకు. నీ చెట్లు ఎవ్వలకూ పోనియ్య. పర్వతాలు మామ నేర్పిండు, ఇయ్యాల మూడు ఎక్కి దిగిన!”