బోర్లా పెట్టిన ఫోన్

"రాలేదు," అన్నాడు భర్త, ఫోన్‌లోంచి కేబుల్ పీకి మళ్లీ గుచ్చుతూ. అలా గుచ్చడం అది తొమ్మిదోసారి.

అతని భార్య, ఆ ఇంటి కోడలు, గడియారం చూసింది. పదకొండు ఇరవై. మధ్యాహ్నం పన్నెండు దాటితే ప్రచురణకర్తల సైటు ఇంకేమీ తీసుకోదు. పిల్లల పుస్తకం కోసం తను నాలుగు నెలలు కూర్చుని వేసిన ఇరవై నాలుగు బొమ్మలూ ఆ ఫోన్‌లోనే ఉన్నాయి. నేరుగా పంపుదామంటే ఒక్క బొమ్మకే సిగ్నల్ చతికిలబడుతోంది. వైరు ఇంటర్నెట్ ఉన్నది కంప్యూటర్‌కి. ఆ కంప్యూటరేమో పక్కనున్న ఫోన్ మొహమే ఎరగనట్టు కూర్చుంది.

"సాఫ్ట్‌వేర్ పాడైందేమో," అన్నాడు భర్త. ఆఫీసులో నలభై కంప్యూటర్ల బాగోగులు చూసే మనిషి. ఇంట్లో ఒక్కదాని దగ్గర ఓడిపోతే ఇంకేం పరువు?

"పొద్దున్నుంచీ అదే అంటున్నారు. తీసేసి మళ్లీ ఎక్కించారు కదండీ?"

"ఎక్కించాను. కేబుల్ మార్చాను. కంప్యూటర్ని రెండుసార్లు ఆపి మళ్లీ వేశాను. ఇంకేం చెయ్యమంటావు, సాష్టాంగపడమంటావా?"

అంటూనే ఫోన్‌ని బల్ల మీద బోర్లా పెట్టి కంప్యూటర్ వైపు తిరిగాడు. ఆ ఇంట్లో ఫోన్ బల్ల మీదికొస్తే బోర్లా పడుకోవాల్సిందే. అది అత్తగారి చట్టం. ఫోన్ వెల్లకిలా ఉంటే కళ్లన్నీ దాని మీదే ఉంటాయనీ, ఎదుటి మనిషి గోడతో సమానమైపోతాడనీ ఆవిడ వాదన. మొదట్లో అందరూ సణిగారు. ఇప్పుడు నిద్రలో లేపి చేతికిచ్చినా బోర్లాయే పెడతారు.

చట్టం చేసిన మనిషి ఎప్పటిలాగే బల్ల పక్కన నేల మీద పీట వేసుకుని బఠాణీలు ఒలుస్తున్నారు. దుకాణమంతా తిరిగి ఆ అద్దం బల్లని ఏరుకున్నది ఆవిడే. కుర్చీలో కూర్చుంటే మాత్రం నడుం పట్టేస్తుందట.

"ఎవరికైనా చూపించకపోయావట్రా?" అన్నారు మామగారు పేపరు వెనక నుంచి.

"ఇప్పుడెక్కడ టైముంది నాన్నా?"

"మీ నాన్నకి ఉంటుందిలే టైము," అన్నారు అత్తగారు తలెత్తకుండా. "సాయంత్రం ఐదున్నరకి, పార్కు గేటు దగ్గర, స్నేహితుడితో ఐస్‌క్రీము."

మామగారి పేపరు ఇంకో జానెడు పైకి లేచింది. షుగరున్న మనిషి మరి. ఈవిడకి ఎవరు మోస్తారోగానీ ఆ ఇంట్లో ఏ గుట్టూ రెండు రోజులు నిలవదు. మొన్న కోడలికి పుట్టింటి మీద మనసు మళ్లి ఇంకా నోరు తెరవకముందే, "వెళ్లి నాలుగు రోజులు ఉండిరా అమ్మాయ్," అనేశారు. ఆవిడకి దివ్యదృష్టి ఉందని అందరూ ఎప్పుడో ఒప్పేసుకున్నారు.

పదకొండూ ముప్పై ఎనిమిది.

"వదిలెయ్యండి," అంది కోడలు. "నా మొదటి పుస్తకం. రాసిపెట్టి లేదనుకుంటాను."

భర్త కేబుల్ పీకి చేత్తో పట్టుకుని అలాగే నిలబడ్డాడు. అత్తగారు గిన్నె పక్కన పెట్టారు.

"ఒరేయ్, ఆ తాడు మళ్లీ గుచ్చు."

"అమ్మా, ఇది నీకు..."

"గుచ్చమన్నానా? గుచ్చావా? ఇప్పుడు బోర్లా పెట్టకు. వెల్లకిలా ఉంచి చూడు."

మొగుడూ పెళ్లాం మొహమొహాలు చూసుకున్నారు. తన చట్టాన్ని తనే కొట్టేసుకోవడమా? అయినా చెప్పినట్టే చేశారు. ఫోన్ మీద చిన్న గడి తెరుచుకుంది. 'ఈ కంప్యూటర్‌ని నమ్మవచ్చా?' అని ఒక ప్రశ్న. దాని కింద 'సరే', 'వద్దు'.

"సరే అనండి," అన్నారు అత్తగారు. "పాపం పొద్దున్నుంచీ అడుగుతూనే ఉంది. ఒక్కరూ జవాబు చెప్పకపోతే అది మాత్రం ఏం చేస్తుంది?"

కోడలు 'సరే' నొక్కింది. కంప్యూటర్ టింగుమంది. గొడుగు పట్టుకున్న ఏనుగు, సైకిలెక్కిన తాబేలు, చంద్రుడికి చొక్కా కుడుతున్న దర్జీ... నాలుగు నెలల కష్టం తెర మీద వరసకట్టింది. ఆమె ఒక్కొక్కటే పంపుకుంటూ పోయింది. పదకొండూ యాభై మూడుకి ఇరవై నాలుగో బొమ్మ వెళ్లింది. యాభై నాలుగుకి 'అందాయి' అని జవాబొచ్చింది.

భర్త ఈల వేశాడు. మామగారు చప్పట్లు కొట్టారు. కోడలు ఒక్క పరుగున వచ్చి అత్తగారిని కావిలించుకుంది. ఆ ఊపుకి గిన్నె తిరగబడి బఠాణీలు ఇల్లంతా పరుగులు తీశాయి.

"ఇదంతా మీ చలవే అత్తయ్యా. పుస్తకంలో మొదటి పేజీ మీకే అంకితం."

"పేరు పెద్ద అక్షరాలతో వేయించు," అన్నారు అత్తగారు, పీట మీంచి లేచి కొంగు సర్దుకుంటూ.

"నలభై కంప్యూటర్లు చూసేవాణ్ణి, నాకే తట్టలేదు," అన్నాడు భర్త. "అయినా ఫోన్ బోర్లా ఉంటే, అది అడుగుతోందని నీకెలా తెలిసిందమ్మా?"

"ముందు ఆ బఠాణీలు ఏరండి, కాళ్ల కింద పడతాయి," అని అత్తగారు వంటింట్లోకి నడిచారు.

కోడలు నవ్వుకుంటూ పీట మీద కూర్చుని బల్ల కిందికి చెయ్యి చాపింది. నాలుగు గింజలు ఏరిందో లేదో, తల మీద వెలుగు కనబడి పైకి చూసింది. బల్ల మీద మామగారు బోర్లా పెట్టుకున్న ఫోన్ వెలిగింది, అద్దంలోంచి అక్షరం అక్షరం స్పష్టంగా కనిపిస్తోంది: 'గురువా, ఇవాళ పార్కు గేటు వద్దు, మీ ఆవిడకి ఎలాగో తెలిసిపోతోంది.'