తుడిచినా పోని దుమ్ము

అల్వాల్‌లో బస్సు దిగి ఇంటికొచ్చిన సృజనకు అత్త మణెమ్మ మళ్లీ పూలకుండీల దగ్గరే కనిపించింది. సృజన ముచ్చటపడి తెచ్చుకున్న సాల్వియా పూలమొక్క ఆకుల్ని తడిగుడ్డతో తుడుస్తోంది. నీళ్లు ఎక్కువై ఆ మొక్క అప్పటికే సగం కుళ్లింది.

సృజనకు గట్టిగా అరిచే ఓపిక కూడా లేదు. “ఎన్నిసార్లు చెప్పాలె అత్తమ్మా? అది దుమ్ము గాదు. దాని ఆకులే వెండి రంగుల ఉంటయి.”

“గట్లనా బిడ్డా?” మణెమ్మ గుడ్డ పిండింది. “మరి గీ గులాబి గూడ గంతేనా? పొద్దటిసంది తుడుస్తున్న, తెల్లగనే ఉంటాంది.”

గులాబీ ఆకులు ముదురు పచ్చగా ఉన్నాయి.

సృజన సంచి కింద పెట్టింది. అత్త గడ్డం పట్టుకుని, ఎన్నో నెలల తర్వాత ఆమె కళ్లలోకి చూసింది. రెండింటిలోనూ శుక్లాలు తెల్లగా పేరుకున్నాయి.