నూటికి నూరు ఆదా

ఎనభై ఆరులో చర్ల దగ్గర పొగలేని పొయ్యిల పథకానికి నేను సూపర్‌వైజరును. కొత్త పొయ్యి ఎంత కట్టెను ఆదా చేస్తుందో తేల్చే పరీక్షను స్వయంగా రూపొందించాను.

నాంచారమ్మ ఒంటరి మనిషి. అడవిలో కట్టెలు ఏరి, చర్ల అంగట్లో మోపులు అమ్ముకొని బతికేది. ఆమె ఇంట్లో పొయ్యి వేయించి, ఆమె తెచ్చిన మోపును తూచాను. ఇరవై కిలోలు.

“వారం దాకా ఇది పొయ్యిలోకే వాడాలి. అమ్మకూడదు. కొత్త కట్టె తేకూడదు. లెక్క తప్పుతుంది.”

“ఒక్క పుల్ల గూడ అమ్మొద్దా సారూ?”

“అమ్మకూడదు.”

“అట్లనే తియ్. సర్కారు పొయ్యి, సర్కారు మాట.”

వారానికి మళ్లీ తూచాను. ఇరవై కిలోలూ అలాగే ఉన్నాయి. జిల్లాలో ఎవరికీ రాని ఫలితం. “ఆదా నూరు శాతం” అని సిరాతో రాశాను.

“పొయ్యి ఎలా ఉందమ్మా?”

“మంచిగుంది సారూ. ఒక్కనాడు గూడ పొగ రాలె.”

“ఏమేం వండుకున్నావు?”

“ఏం వండుత? మోపు అమ్మితేనే గద నాకు బియ్యం. పక్కింటోళ్లు ఇంత గంజి పోసిన్రు.”

సిరాతో రాసినది కొట్టివేయడం నిబంధనలకు విరుద్ధం. మోపును నా సైకిలుకు కట్టి, చర్ల అంగడి దాకా ఆమె వెనుక తోసుకుంటూ నడిచాను.