తోరణం మేకులు

"ఆ మేకులు ఎవరు కొట్టారండీ?"

తాడేపల్లిగూడెం శివార్లలోని షెడ్డులో కొత్త ట్యాంకుకి పూజ జరుగుతుంటే, గుమ్మంలోంచి వచ్చిందా ప్రశ్న.

భ్రమరాంబ తలెత్తి చూసింది. ఎవరో పెద్దాయన. కుడిచేతికి తువ్వాలు చుట్టుకున్నాడు.

వీధుల్లో అమ్మే బాత్రూం యాసిడ్‌ని సీసాల్లోకి నింపేది ఆ షెడ్డులోనే. పాత డ్రమ్ములు పోయి, గాజుపోగులూ జిగురూ కలిపి చేసిన ఫైబర్ ట్యాంకు దిగింది. యాసిడ్‌కి లొంగదని దానికి పేరు. అంత గొప్పదానికి బొట్టు పెట్టి, పైన మేకులు కొట్టి మామిడాకుల తోరణం కట్టకపోతే ఎలా?

"మావారేనండీ. ఏం?"

"లోపల ఒకసారి లైటు వేసి చూడండమ్మా. ఈవేళ యాసిడ్ పోయించకండి."

భ్రమరాంబ భర్త శ్రీరంగనాయకులు వాచీ చూసుకున్నాడు. "అవతల ముహూర్తం దాటిపోతోందండీ. ఇంతకీ మీరెవరు?"

"వెంకట్రాజంటారండీ. మాది ముదినేపల్లి."

"ముదినేపల్లి నుంచి మా మేకులు చూడ్డానికొచ్చారా?"

అందరూ నవ్వారు.

"అది కాదండీ, మా దగ్గర కూడా..."

పంతులుగారి గంటలో ఆ మాట కలిసిపోయింది. తువ్వాలు జారింది. వేళ్లు ఒకదానికొకటి అతుక్కుపోయిన చెయ్యి.

నవ్వులు ఆగాయి.

"శుభమా అని పూజ చేసుకుంటుంటే..." భ్రమరాంబ గొణుక్కుని, సీసాలు నింపే హన్నమ్మను పిలిచింది. "ప్రసాదం కోసం వచ్చుంటాడు. పులిహోర పొట్లం ఇచ్చి పంపించెయ్యి."

హన్నమ్మ పొట్లంతోనే తిరిగొచ్చింది.

"తీసుకోలేదమ్మగారూ. నన్ను ఆ ట్యాంకు పక్కన కూర్చోవద్దని చెప్పి వెళ్లిపోయారు."

"మరి సీసాలు ఆయనొచ్చి నింపుతాడంటా?"

హన్నమ్మ కూడా నవ్వింది.

ముహూర్తానికే యాసిడ్ పోశారు. ట్యాంకు చుక్క కారలేదు.

వానాకాలమంతా భ్రమరాంబ ఏ పేరంటానికెళ్లినా 'మేకుల ఇన్‌స్పెక్టర్' కథ చెప్పి నవ్వించింది. ఆ చెయ్యి సంగతి మాత్రం ఎప్పుడూ చెప్పలేదు.

ఒక పొద్దున మేకు దగ్గర ట్యాంకు చిట్లింది. హన్నమ్మ సీసా పట్టుకుని దాని పక్కనే కూర్చుని ఉంది.

ఏలూరు ఆస్పత్రిలో డాక్టర్లు ఒక కన్ను దక్కించారు. ఒక్కటే.

ట్యాంకు తయారుచేసిన ఫణికిరణ్ షెడ్డుకొచ్చి, ఖాళీ ట్యాంకులో లైటు వేసి చూపించాడు. ప్రతి మేకు వెనకాలా సాలెగూడులా బీటలు.

"యాసిడ్‌ని ఆపేది లోపలున్న ఈ నున్నటి పొరేనండీ. బయట కొట్టిన దెబ్బకి ఇది బీటలిచ్చింది. ఆ సందుల్లోంచి యాసిడ్ గాజుపోగుల్ని పట్టుకుని మెల్లగా పాకింది. దెబ్బ తగలనివ్వద్దని చెప్పాం కదండీ?"

"తోరణం మేకు కూడా దెబ్బేనని అనుకోలేదు బాబూ," అన్నాడు శ్రీరంగనాయకులు.

భ్రమరాంబ ఆ బీటల్ని ఒక్కొక్కటే చూసింది. అప్పుడు అడిగింది.

"వెంకట్రాజు గారని... ఆవేళ ఒకాయన వచ్చి చెప్పారు. మీ మనిషేనా?"

'గారు' అనడం అదే మొదలు.

"మా మనిషి కాదండీ. మా దగ్గర మొట్టమొదటి ట్యాంకు కొన్నది ఆయనే. ముదినేపల్లిలో మీలాగే యాసిడ్ వ్యాపారం ఉండేది."

"మరి మా షెడ్డుకెందుకొచ్చారు?"

ఫణికిరణ్ లైటు ఆర్పాడు.

"ఆ ట్యాంకుకి తోరణం మేకులు ఆయన తన చేత్తోనే కొట్టుకున్నారండీ, అది చిట్లిన రోజు దాని కింద ఉన్నది వాళ్లావిడ, అప్పట్నుంచి మేం ట్యాంకు ఎక్కడ దింపినా, ఆ పూజకి పిలవకుండానే వెళ్తారు."