మొదట కూర్చున్నవాడు

పాత టేకు కుర్చీకి భ్రమర కడ్డీ ఆనించింది. దానిమీద ఎవరెవరు కూర్చున్నారో ఆ కడ్డీ వరసగా చెబితేనే ఈ రోజుల్లో పాత సామానుకు విలువ. ఈ కుర్చీ కోసమే ఆమె పదేళ్లుగా పాత సామాను పరీక్షించే ఈ కొలువులో కాచుకుని ఉంది.

"మొదలు కూసున్నది మా ముత్తాతనే. దొర కుర్చీ అని రాయి," అన్నాడు కుర్చీ యజమాని మాధవరావు.

"మొదట కూర్చున్నది వడ్రంగి లింగాచారి," అంది కడ్డీ.

"అది తీసెయ్!"

"తీసెయ్యరాదు సార్," అంది భ్రమర. " కాళ్లు ఊగుతున్నయా అని చేసినోడు కూసొని చూస్తడు. దొరకన్న ముందు కూసున్న గా ఒక్క తప్పుకే మీ ముత్తాత లింగాచారి వీపు చిట్లగొట్టిండు. గా లింగాచారి మా ముత్తాత."

కడ్డీ చెప్పినట్టే ధ్రువపత్రం మీద 'లింగాచారి కుర్చీ' అని అచ్చయింది. భ్రమర తాపీగా కుర్చీలో కూర్చుని వెనక్కి వాలింది.

"ఇప్పటికీ ఊగుతలేదు. మీరు నిలబడే సంతకం పెట్టుండ్రి."