మేనేజరు రాయని ఉత్తరం

పన్నెండు కాగితాల మధ్య పదమూడోది దూర్చి, కట్టను మేనేజరు ముందు పెట్టింది టైపిస్టు.

మేనేజరు ఏదీ చదవడు. చదవడం కిందివాళ్ల పని, సంతకం పెట్టడం తన పని అని ఆయన సిద్ధాంతం. అందుకే సంతకం చోటు మాత్రమే కనిపించేలా కాగితాలను మెట్లు మెట్లుగా పేర్చి ఇవ్వాలి.

"మొద్దూ! పెన్ను మూత తీసివ్వమని ఎన్నిసార్లు చెప్పాలి?" అని కసిరి, పదమూడు సంతకాలూ గిలికిపారేశాడు.

మొద్దు లోలోపల నవ్వుకుంది. ఐదు నిమిషాలు ఆలస్యమైతే కుర్చీ తీయించేసి, రోజంతా నిలబెట్టి టైపు చేయించిన మహానుభావుడాయన. మూడేళ్లు ఓర్చుకుంది. చివరికి వేరే కంపెనీలో ఇంటర్వ్యూ గట్టెక్కింది. పాత మేనేజరు దగ్గర్నుంచి సిఫారసు ఉత్తరం తెస్తేనే ఉద్యోగమన్నారు. ఈయన్ని అడిగితే ఉత్తరం ఇవ్వడు సరికదా, ఉన్న ఉద్యోగం ఊడగొడతాడు. అందుకే ఆ పదమూడో కాగితం.

ఇంటికొచ్చి వదినకు చూపించింది. వదిన చదివి ముక్కున వేలేసుకుంది.

"నీ గురించి నాలుగు ముక్కలు రాసి, ఆయన్ని ఆకాశానికెత్తేశావేంటి? తప్పు చేస్తే పక్కన కూర్చోబెట్టుకుని నేర్పాడా? కసరడమే తెలియదా?"

"అన్నీ నా గొప్పలే ఉంటే నేనే రాసుకున్నానని పట్టేస్తారు వదినా. ఆయన మంచితనం కూడా కాస్త దట్టిస్తే నమ్ముతారు."

"కాస్తా? నాకే కళ్లు చెమర్చాయి తల్లీ!"

ఎత్తు పారింది. వారం తిరక్కుండా ఆర్డరు చేతికొచ్చింది. రాజీనామా మీద కూడా అదే పద్ధతిలో సంతకం పెట్టించుకుని బయటపడింది. చేరడానికి నెల గడువుంది. ఆ నెలంతా కాళ్లు చాపుకుని, "మొద్దూ" అనే పిలుపు లేకుండా మహారాణిలా గడిపింది.

మొదటి రోజు కొత్త కంపెనీ యజమానురాలే ఎదురొచ్చి, ఆమె చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లింది.

"మీ మేనేజరుగారి ఉత్తరం ఇక్కడ అందరికీ చదివి వినిపించానమ్మా. ఈ రోజుల్లో అలాంటి పెద్దమనసు ఎవరికుంది?"

"అవునండీ, దేవుడు" అంది టైపిస్టు, నవ్వాపుకుంటూ.

యజమానురాలు మురిసిపోతూ ఎదురుగా ఉన్న గది తలుపు తెరిచింది. "అందుకే ఆయన్ని బతిమాలి నిన్ననే మా మేనేజరుగా తెచ్చేసుకున్నాం. నీ సీటు కూడా ఆయన గదిలోనే వేయించాను!"